గంట, పంక్తి, హాజరుపట్టీ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. పింఛను సవరణ గురించి, కరువుభత్యం బకాయిల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన సంగతి వేరే ఉంది. బోర్డులో గుమాస్తాగా చేరకముందు మూడేళ్లు నేనొక బైబిలు కాలేజీ హాస్టలులో ఉన్నాను. ఈ మాట మన ఆఫీసు మిత్రులలో చాలామందికి తెలియదు. ఆ హాస్టలు జీవితం గురించి, అటువంటి హాస్టళ్ల చరిత్ర గురించి నాలుగు మాటలు రాస్తాను.

నేనిప్పుడు కౌకూర్‌లో ఉంటున్నాను. బొల్లారం స్టేషన్ రైలు కూత తెల్లవారుజామున మా ఇంటిదాకా వినిపిస్తుంది. బొల్లారంలో 1847లో కట్టిన హోలీ ట్రినిటీ చర్చి ఉంది. సాయంత్రం నడకకు వెళ్లే మా నలుగురు ముసలివాళ్లం దాని కబుర్లు చెప్పుకుంటూ ఉంటాం. మొన్న సెలవులకు వచ్చిన మా మనవడు తన కాలేజీ హాస్టలు విశేషాలు చెప్పాడు. వేలు నొక్కితేనే తలుపు తెరుచుకుంటుందట. రాత్రి తొమ్మిది దాటితే తండ్రి ఫోనుకు సందేశం వెళుతుందట. వరండాలో కెమెరాలట. "తాతయ్యా, మీ రోజుల్లో హాజరు ఎలా తీసుకునేవారు?" అని అడిగాడు. "నేనే తీసుకునేవాణ్ణిరా" అన్నాను. వాడు నవ్వాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా హాస్టలు

మా కాలేజీ కోస్తాలో ఉండేది. పేరు రాయను. చెప్పబోయే దానిలో నా తప్పూ ఉంది, ఇతరుల తప్పూ ఉంది. జవాబు చెప్పుకోవడానికి ఆనాటి పెద్దలు లేరు గనుక పేరు రాయడం ధర్మం కాదు.

మా నాన్న పల్లెటూరి ఉపదేశి. పెద్దకొడుకు పాదిరిగారు కావాలని ఆయన కోరిక. 1967 జూన్‌లో ఒక రేకుపెట్టె, చాప, దుప్పటి, ఇత్తడి చెంబు, రెండు పంచెలు, ఒకే ఒక్క తెల్లచొక్కాతో నన్ను తీసుకువెళ్లి దింపారు. వార్డెను అయ్యగారికి దణ్ణం పెట్టి, "వీడు మీ బిడ్డ" అని చెప్పి వెళ్లిపోయారు.

వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్క మా గంట. నాలుగున్నరకు మొదటి గంట. అయిదు నుంచి అరగంట ఎవరికి వారు ధ్యానం. తరువాత నూతిలో నీళ్లు తోడడం, ఆవరణ ఊడవడం, కూరపాదులకు నీళ్లు పెట్టడం. ఏడున్నరకు ప్రార్థనమందిరం, ఎనిమిదిన్నరకు క్లాసులు. సాయంత్రం వాలీబాల్, దీపాలు పెట్టాక హార్మోనియం మీద కీర్తనల సాధన. రాత్రి తొమ్మిదింటికి హాజరు, పదింటికి దీపాలు ఆర్పడం. శనివారం మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఊళ్లోకి వెళ్లవచ్చు. సినిమా నిషిద్ధం. ఇంటినుంచి వచ్చిన ఉత్తరం వార్డెనుగారు చదివిన తరువాతనే మా చేతికి వచ్చేది. మా అమ్మకు చదువు రాదు. ఎవరిచేతనో రాయించిన ఆ నాలుగు ముక్కలు నాకంటే ముందు మరొకరు చదవడం నాకు కష్టంగా ఉండేది. ఆ మాట పైకి అన్నవాడు మాలో ఒక్కడూ లేడు.

భోజనం నేలమీద బారుగా కూర్చుని చేసేవాళ్లం. అన్నం, పప్పుచారు, ఒక కూర. నెలకొక ఆదివారం మాంసం. ఎవరి కంచం వారే కడుక్కోవాలి. గుండిగలు కడగడానికి వంతులు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది నెలనెలా చీటీలు తీసి నిర్ణయించేవారు. దీని వెనుక పెద్ద ఆలోచన ఉందని తరువాత తెలిసింది. మా ఊళ్లో మాలపల్లె, మాదిగపల్లె రెండూ క్రైస్తవులవే అయినా ఒకరి ఇంట ఒకరు మంచినీళ్లు పుచ్చుకునేవారు కాదు. అటువంటి ఊరినుంచి వచ్చిన నేను మొదటి వారం సగం అన్నమే తిని లేచేవాణ్ణి. ఎందుకో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. నా పక్క చీటీ వచ్చిన కుర్రవాడు అది గమనించాడు. ఏమీ అనలేదు. నా చెంబులో నీళ్లు అయిపోతే తన చెంబు జరిపాడు. నాలుగోరోజున తాగాను. ఆ తరువాత వాడే నాకు ఆ కాలేజీలో దగ్గరి స్నేహితుడయ్యాడు.

పాత సంగతులు

ఈ పంక్తిభోజనం తెలుగుదేశంలో తేలికగా వచ్చింది కాదు. రాబర్ట్ నోబుల్ 1841లో మచిలీపట్నం వచ్చి 1843లో బడి పెట్టాడు. అదే తరువాత నోబుల్ కాలేజీ అయింది. మొదట్లో ఆయన అగ్రవర్ణాల పిల్లల కోసమే ఆ బడి నడిపాడు. అంటరానివారని దూరం పెట్టిన కులాల పిల్లలకు చోటు లేకపోయింది. 1852లో ఇద్దరు విద్యార్థులు ఆయన ఇంటికి వచ్చి జ్ఞానస్నానం పుచ్చుకున్నప్పుడు పట్నమంతా అట్టుడికిపోయింది, బడి ఖాళీ అయింది. ఆ పిల్లలకు దొరగారి ఇల్లే ఇల్లు కావలసి వచ్చింది. నోబుల్ పెళ్లి చేసుకోలేదు. ఇంగ్లండుకు ఒక్కసారి కూడా తిరిగి వెళ్లకుండా 1865లో మచిలీపట్నంలోనే కన్నుమూశాడు. కులం విషయంలో ఆయన పద్ధతిని మనం ఒప్పుకోలేము. కాని పిల్లలకు పెట్టిన కట్టుబాటులో తానూ ఇరవైనాలుగేళ్లు బతికాడన్నది కాదనలేము.

ప్రసంగీకులను తయారుచేసే బడుల అవసరం ఆ తరువాత పెరిగింది. 1876-78 కరువు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఒంగోలులో ఉండిన క్లౌ దొరగారి కాలం అది. అంతమందికి చదువు చెప్పడానికి, సంఘాలను నడపడానికి మనుషులు కావాలి గదా. అమెరికన్ బాప్టిస్టులు రామాయపట్నంలో, కెనడా బాప్టిస్టులు 1882లో సామర్లకోటలో, లూథరన్లు రాజమండ్రిలో ఇటువంటి విద్యాలయాలు నడిపారు. చేరేవారిలో చాలామంది పెళ్లయినవారు. భార్యాబిడ్డలతో సహా ఆవరణలో చిన్న చిన్న ఇళ్లలో ఉండేవారు. భర్తతోపాటు భార్య కూడా అక్షరాలు దిద్దేది. మన పల్లెల్లో తొలితరం చదువుకున్న ఆడవాళ్లు కొందరు ఈ ఆవరణల్లోనే పలక పట్టారు.

డోర్నకల్ సంగతి మరీ ముఖ్యమైనది. తిరునల్వేలి జిల్లా నుంచి వచ్చిన వి.ఎస్. అజరయ్యగారు 1909లో డోర్నకల్ చేరారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్ పదవి ఇచ్చారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడాయన. చదువుతోపాటు ఒంటితో చేసే పని ఉండాలని, చదివినవాడు తిరిగి పల్లెలో బతకలేనంత ఖర్చు అలవాటు కాకూడదని ఆయన పట్టుదల. మాల, మాదిగ క్రైస్తవులు ఒకే బల్ల దగ్గర ప్రభువు భోజనం తీసుకోవాలన్న విషయంలో ఆయన వెనక్కి తగ్గలేదు. మా హాస్టలు చీటీలకు మూలం అటువంటి పెద్దల ఆలోచనలోనే ఉంది.

1964లో వేర్వేరు సంఘాలు కలిసి రాజమండ్రి లూథర్‌గిరిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని ఏర్పాటు చేశాయి. 1970ల తొలినాళ్లలో అది జంటనగరాలకు తరలివచ్చింది. మాది అందులో కలిసిన కాలేజీ కాదు, చిన్నది. కాని గంట మాత్రం అన్నిచోట్లా ఒకటే. ఆ మాటకొస్తే మతం నేర్పే విద్యాలయాలన్నిటి తీరూ ఒకటే. 1876లో హైదరాబాదులో మొదలైన జామియా నిజామియాలో చదివిన ఒక మిత్రుడు, తిరుమల ధర్మగిరి వేదపాఠశాలలో చదివిన ఒక పురోహితుడు బొల్లారం బెంచీమీద మాతో కూర్చున్నప్పుడు ముగ్గురం తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం గురించే చెప్పుకున్నాం.

హాజరుపట్టీ

రెండో ఏడు నన్ను మానిటరుగా వేశారు. రాత్రి తొమ్మిదింటికి లాంతరు పట్టుకుని గదిగదికీ వెళ్లి, ఉన్నవాడికి టిక్కు, లేనివాడికి అడ్డగీత పెట్టాలి. అనుమతి లేకుండా మూడు రాత్రులు లేకపోతే కాలేజీనుంచి పంపివేయవచ్చునని నిబంధన.

నా స్నేహితుడికి తండ్రి లేడు. తల్లి, ఇద్దరు చెల్లెళ్లు. చిన్నప్పుడు ఒక మిషన్ ప్రెస్సులో టైపు కూర్చడం నేర్చుకున్నాడు. ఊళ్లో ఒక చిన్న అచ్చాపీసులో పెళ్లి శుభలేఖల ముమ్మరం ఉన్న రోజుల్లో రాత్రిపూట కంపోజింగుకు వెళ్లేవాడు. రాత్రికి రూపాయిన్నర. గోడ దూకి వెళ్లి నాలుగున్నర గంటకు ముందే వచ్చేవాడు. వచ్చిన డబ్బు ఇంటికి మనియార్డరు. బయటి పని చేయడానికి వైదిక విద్యార్థికి అనుమతి లేదు. అడిగితే ఇవ్వరని వాడికి తెలుసు.

"ఒరేయ్, మనం సంఘచరిత్ర చదువుతున్నాం గదా! కేరీ చెప్పులు కుట్టినవాడు. వార్డ్ అచ్చు పని చేసినవాడు. సెరంపూర్‌లో వాళ్ల చేతులకు సిరా అంటితే మహాత్ములు, నా చేతికి అంటితే నేరమా?" అనేవాడు.

వాడి మాట చరిత్రకు విరుద్ధం కాదు. కేరీ, మార్ష్‌మన్, వార్డ్ సెరంపూర్‌లో ఉమ్మడి వంటతో, ఉమ్మడి సొమ్ముతో బతికారు. ఎవరు సంపాదించినా అందరిదీ. 1805లో రాసుకున్న తమ ఒప్పందాన్ని ఏటా మూడుసార్లు అందరూ కూడి చదువుకునేవారు. 1812 మార్చి 11న వారి ప్రెస్సు కాలిపోతే మళ్లీ నిలబెట్టారు. 1814లో కేరీ తెలుగు వ్యాకరణం వెలువడింది. కాలేజీ పెట్టింది 1818లో. అంటే కాలేజీకంటే ముందు అచ్చాపీసు ఉంది.

నేను వాడి పేరు ఎదుట టిక్కు పెట్టేవాణ్ణి. దాదాపు నలభై రాత్రులు అలా పెట్టాను.

1969 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పక్క ఊరి సంఘంలో నేను తొలిసారి ప్రసంగం చేయాలి. పెట్టె తెరిస్తే నా తెల్లచొక్కా జేబు దగ్గర అరచేతి వెడల్పున నల్లసిరా మరక. ముందు రాత్రి చలికి వాడు వేసుకువెళ్లాడు. బతిమాలుకున్నాడు. నిమ్మకాయ రుద్దాడు. మరక ఇంకా పాకింది. ఆ చొక్కాతోనే వెళ్లి నిలబడ్డాను. ముందు వరసలో పిల్లలు నవ్వారు. నేను చెప్పవలసినది మరిచిపోయాను.

సోమ, మంగళ, బుధవారాలు మూడు రాత్రులూ వాడి పేరు ఎదుట అడ్డగీత పెట్టాను. వాడు నిజంగానే లేడు. నేను రాసింది నిజమే.

గురువారం వార్డెనుగారు పిలిచారు. ఎక్కడికి వెళ్లావని వాణ్ణి అడిగారు. అచ్చాపీసు పేరు చెబితే యజమానికి మాట వస్తుందని వాడు నోరు విప్పలేదు. నేను గుమ్మం దగ్గర రిజిస్టరు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకు అంతా తెలుసు. ఒక్కమాట చెప్పి ఉంటే ఏమయ్యేదో! చెప్పలేదు. చెబితే నా నలభై టిక్కులూ బయటపడతాయి. శనివారం మధ్యాహ్నం, అందరూ ఊళ్లోకి వెళ్లే వేళ, వాడు రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని వెళ్లాడు. సాయంత్రం పంక్తిలో నా పక్కన చోటు ఖాళీగా ఉంది. చీటీల ప్రకారం నెలాఖరుదాకా ఎవరూ కూర్చోలేదు.

నేను 1970లో చదువు పూర్తిచేశాను. పాదిరిగారిని కాలేదు. నాన్న అడిగితే స్వరం బాగాలేదని చెప్పాను. 1972లో మన బోర్డులో చేరాను.

తరువాత తెలిసినవి

మన ఆఫీసు హాజరుపట్టీలు మీకందరికీ తెలుసు. పది గంటల పదినిమిషాలకు ఎర్రసిరా, మూడు లేటు మార్కులకు ఒక క్యాజువల్ లీవు. సూపరింటెండెంటునయ్యాక గీత పెట్టేముందు మనిషిని పిలిచి "ఏమయింది నాయనా?" అని అడిగేవాణ్ణి. కొందరు దాన్ని మెతకతనమన్నారు, ఒక పై అధికారి మెమో కూడా ఇచ్చారు. నాకు ఎర్రసిరా అంటే మెతకే, కారణం ఇన్నాళ్లకు చెబుతున్నాను.

1991లో మన యూనియన్ సావనీరు అచ్చువేయించే పని నా మీద పెట్టారు. సికింద్రాబాదులో ఒక ప్రెస్సుకు వెళ్లాను. ఫోర్‌మన్ కళ్లద్దాలు పైకి తోసి నన్ను చూశాడు. వాడే. జుట్టు నెరిసింది, చేతివేళ్ల సందుల్లో సిరా అలాగే ఉంది. టీ తెప్పించాడు. చెల్లెళ్లిద్దరికీ పెళ్లిళ్లు చేశాడట. తల్లి తనదగ్గరే పోయిందట. ఆఫ్‌సెట్ వస్తోంది, ఇక టైపు కూర్చేవాళ్ల పని అయిపోయినట్టే అన్నాడు. మన సావనీరు ప్రూఫులు మొత్తం తానే దిద్దాడు. నా పేరులో ఒత్తు పడలేదని మళ్లీ పెట్టించాడు. వచ్చేటప్పుడు, "ఆ ఏడు రిజిస్టరు నీ చేతిలోనే ఉండేది గదరా" అన్నాడు నవ్వుతూ. "అవును" అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. నేను ఇంకేమీ చెప్పలేదు. మళ్లీ వస్తానన్నాను, వెళ్లలేదు. వాడు పోయాడని పన్నెండేళ్ల తరువాత తెలిసింది.

రిటైరయ్యాక తీరికగా పాత నియమావళులు చదివాను. నాగార్జునకొండ చూసినవారికి ఆ విహారాల చిన్న గదులు, వాటి మధ్య ఖాళీజాగా గుర్తుండే ఉంటాయి. అదీ ఒక హాస్టలే. బౌద్ధభిక్షువులు పదిహేను రోజులకొకసారి కూడి నియమాలు వల్లించుకునేవారు. తప్పు చేసినవాడు దానిని తానే చెప్పుకోవాలి. ఆరో శతాబ్దంలో ఇటలీలో బెనెడిక్ట్ రాసిన మఠనియమావళి చూశాను. గంట, చేతిపని, పంక్తిభోజనం, ఆలస్యంగా వచ్చినవాడు చివర నిలబడడం, అన్నీ మా హాస్టలులో ఉన్నవే. కాని మా హాస్టలులో లేనివి రెండు అందులో కనిపించాయి. శిక్ష పడినవాడి దగ్గరకు పెద్దవయసు సోదరులను చాటుగా పంపి ఓదార్చాలని ఒకటి. మఠం విడిచిపోయినవాడు దిద్దుకుని తిరిగివస్తే మూడుసార్లదాకా చేర్చుకోవచ్చునని రెండవది. మాకు మూడు రాత్రులకు బయటికి పంపే లెక్క తెలుసు. మూడుసార్లు లోపలికి రానిచ్చే లెక్క ఎవరూ చెప్పలేదు. ఆ పేజీ దగ్గర పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను.

ఆ హాస్టలు నాకు చేసిన మేలు మరచిపోలేను. తెల్లవారుజామున లేవడం, నా కంచం నేను కడుక్కోవడం, ఎవరి పక్కనైనా కూర్చుని తినడం అక్కడే వచ్చాయి. మా ఇంట్లో రెండు పెళ్లిళ్లు కులం చూడకుండా జరిగాయంటే దానికి మూలం ఆ చీటీలే. వార్డెనుగారూ చెడ్డవారు కాదు. ఆయనా నాలుగున్నరకే లేచేవారు. కాని మా పంక్తిలో కూర్చుని తినలేదు. తిని ఉంటే వాడి వేళ్ల సిరా ఆయనకూ కనిపించేది.

నలభై రాత్రులు నేను రాసినది అబద్ధం, మూడు రాత్రులు రాసినది నిజం. ఇన్నేళ్ల తరువాత లెక్క చూసుకుంటే నాకు ఆ మూడే బరువు. నిజాన్ని కోపంకొద్దీ రాశాను, చెప్పవలసిన చోట భయంకొద్దీ మింగాను.

మా మనవడికి ఈ కథ చెప్పాను. "మా మిషన్‌కి కోపం రాదు తాతయ్యా" అన్నాడు. నిజమే, రాదు. "మరి మీ పక్క గదిలోవాడు రాత్రి ఎందుకు లేడో అది అడుగుతుందా?" అన్నాను. ఆలోచించి, "వాడిని నేను అడుగుతాను" అన్నాడు.

మిత్రులారా, మీలోనూ హాస్టళ్లలో పెరిగినవారున్నారు. మీ జ్ఞాపకాలు కూడా వచ్చే సంచికకు రాయండి. చెప్పవలసిన మనిషి ఉండగానే చెప్పడం మంచిది. నాకు ఆ అవకాశం 1991లో ఒక టీ తాగేంతసేపు వచ్చింది. దాటిపోయింది. అందుకే అచ్చులో చెబుతున్నాను. వాడు ప్రూఫు దిద్దేవాడు గదా!

— ఒక సభ్యుడు, కౌకూర్